“మీ వాళ్లు లేటుగా తెస్తారు” అనే మాటకి జవాబు



పెద్ద పోస్టే ఇది, ఓపిగ్గా చదవండి. హాస్టల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం తప్పకుండా చదవాలి. మీలో ఎవరైనా వార్డెన్‌గానో టీచర్‌గానో ఆశా కార్యకర్తగానో ఉద్యోగంలో ఉంటే, ఇది మీ గురించి కూడా.

ఈ మధ్య బొబ్బిలిలో ఒక చోట మా పిన్ని కొడుకుని చూపించడానికి తీసుకెళ్లాను. ఆరో తరగతి గుంటడు. మోకాలి కింద ఎముకకి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. ఇప్పటికీ కాలి మీద చిన్న కన్నం ఉంది, అందులోంచి అప్పుడప్పుడూ రసి కారుతుంది. ఒక కాలు రెండో దాని కంటే పొట్టి అయింది. చీటీ రాసే ఆయన వాణ్ణి కింద నుంచి పైకి చూసి, “మీ కొండోళ్లంతా ఇంతేనమ్మా, ముదరబెట్టుకుని లేటుగా తెస్తారు” అన్నాడు. పిన్ని తల దించుకుంది. నేనూ ఏమీ అనలేకపోయాను. ఇంటికొచ్చాక ఆ మాట గుచ్చుతూనే ఉంది. అప్పుడు చెప్పలేని జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు జబ్బు ఏమిటో చెప్పుకుందాం. దీన్ని ఆస్టియోమైలైటిస్ అంటారు. మన మాటలో ఎముకలో చీము పట్టడం. ఎక్కువగా స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. చర్మం మీద సెగ్గడ్డలు లేపేది, గోకిన గజ్జి పుండ్లలో చేరేది కూడా ఇదే. అక్కణ్ణించో మరెక్కణ్ణించో రక్తంలోకి దిగి, పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో, ఎదిగే చోటుకి దగ్గరగా నిలుస్తుంది. అక్కడ రక్తం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి దానికి చోటు దొరుకుతుంది. తొడ ఎముక, మోకాలి కింది ఎముక దీనికి ఎక్కువగా గురవుతాయి. జ్వరం వస్తుంది, ఒకే చోట నొప్పి పెడుతుంది, పిల్లాడు ఆ కాలు మోపడు. అంతకు ముందు ఆటలో ఎక్కడో పడి ఉంటాడు, పడని పిల్లలు ఎవరు? అందుకే అందరికీ “బెణికింది” అనిపిస్తుంది.

మొదటి రోజుల్లో పట్టుకుంటే ఇది నయమయ్యే జబ్బు. పట్టుకోకపోతే లోపల చీము పెరిగి, ఎముక మీద పొరని పైకి లేపేస్తుంది. ఎముకకి రక్తం అందదు. రక్తం అందని ముక్క చచ్చిపోయి లోపలే ఉండిపోతుంది. చచ్చిన ముక్కలోకి రక్తమే పోనప్పుడు మందు ఎలా పోతుంది? అందుకే తర్వాత ఎన్ని ఇంజెక్షన్లు పొడిచినా చీము మళ్లీ మళ్లీ కారుతుంది. ఆ ముక్కని కోసి తీయాలి. ఎముక ఎదిగే చోటు దెబ్బతింటే కాలు పొట్టిదైపోతుంది. మా వాడికి జరిగింది ఇదే.

ఇప్పుడు “లేటు” సంగతి. వాడి కాగితాలు, ఫోన్లో కాల్స్ తేదీలు ముందు పెట్టుకుని లెక్క వేశాను. నొప్పి మొదలైన రోజు నుంచి కాలు కోసి చీము తీసిన రోజు దాకా మధ్యలో 20 రోజులు గడిచాయి. ఆ 20 రోజులు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి.

మొదటి 5 రోజులు హాస్టల్లో. రాత్రి జ్వరం, కాలు నొప్పి అంటే పారాసెటమాల్ ఇచ్చారు. పొద్దున్న జ్వరం తగ్గింది, రాత్రికి మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మాత్ర. చూడ్డానికి నర్సు లేదు. వార్డెన్‌కి వైద్యం తెలీదు, తెలియాలని ఎవరూ అనుకోలేదు కూడా. వాడు ఆటకి రాకపోతే “బద్ధకం” అన్నారు. అయిదో రోజు చిన్నాన్నకి ఫోన్ వచ్చింది, “మీ గుంటణ్ణి తీసుకుపోండి” అని. ఆసుపత్రికి కాదు, ఇంటికి.

తర్వాత 3 రోజులు ఆరెంపీ దగ్గర. రోజుకో ఇంజెక్షన్. అందులో ఏముందో చీటీ లేదు. జ్వరం కొంచెం దిగింది, పిన్ని సంతోషపడింది. అసలు ప్రమాదం అక్కడే. అర మోతాదు యాంటీబయోటిక్ చీముని చంపదు, జ్వరాన్ని మాత్రం అణుస్తుంది. పైగా తర్వాత పెద్దాసుపత్రిలో రక్తం కల్చర్‌కి పంపితే ఏ సూక్ష్మజీవో దొరక్కుండా చేస్తుంది.

తొమ్మిదో రోజు బొబ్బిలి దిగారు. ఎక్స్‌రే తీశారు. “ఎముక బాగుంది, విరగలేదు, బెణికింది” అని నొప్పి మాత్రలు రాసి పంపారు. ఇక్కడ ఆగి చదవండి. ఎముకలో చీము పట్టినప్పుడు ఎక్స్‌రేలో ఎముక మార్పు కనబడ్డానికి మామూలుగా 10 నుంచి 14 రోజులు పడుతుంది. తొమ్మిదో రోజు ఎక్స్‌రే బాగుంటే చీము లేదని కాదు, ఇంకా కనబడలేదని. ఈ సంగతి ఆర్థోపెడిక్ పాఠాల్లో మొదటి పేజీల్లోనే ఉంటుంది. ఆ రోజు సీఆర్పీ, ఈఎస్సార్, రక్తంలో తెల్లకణాల లెక్క చేయించి ఉంటే అనుమానం వచ్చేది. అవి పెద్ద ఖర్చు పరీక్షలు కావు. అనుమానం వస్తే ఎమ్మారై ఉంది, అది మొదటి రోజుల్లోనే పట్టేస్తుంది.

తర్వాత 8 రోజులు మనవి. ఊళ్లో పెద్దాయన చేత ఆకు పసరు పూయించి, వెదురు బద్దలతో గట్టిగా కట్టు కట్టించారు. ఈ 8 రోజుల తప్పు మాదే, దాచను. కానీ ఒక మాట అడుగుతాను. ఎక్స్‌రే తీసినవాళ్లే బెణికిందని చెప్పాక, బెణికినదానికి కట్టు కట్టించడం మూఢనమ్మకమా? పట్నం డాక్టరు చెప్పిన జబ్బుకి ఊళ్లో దొరికిన వైద్యం చేయించారు, అంతే కదా.

పదిహేడో రోజు రాత్రి కాలు కుండలా వాచి, గుంటడు మూలుగుతూ పడిపోయాడు. రోడ్డు దాకా మోసుకొచ్చి బండెక్కించారు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి రాశారు. ఆధార్ ఏది, కార్డు ఏది, “మీది వేరే జిల్లా” అన్నారు. ఆ తిరుగుడులో ఇంకో 3 రోజులు పోయాయి. మరుసటి రోజు వైజాగ్‌లో కోశారు.

అయిదు, మూడు, ఒకటి, ఎనిమిది, మూడు. కలిపితే 20. అందులో మావి 8. మిగతా 12 రోజుల్ని ఎవరి ఖాతాలో రాయాలి? ఆరెంపీ దగ్గరికి మేమే వెళ్లాం కదా అంటారా, సరే, 11 మావే అనుకోండి. ఆయన కాకుండా నడిచి వెళ్లగల దూరంలో ఇంకెవరున్నారో కూడా చెప్పండి. మిగతా 9 రోజులు గుంటడు ప్రభుత్వం చేతిలోనో పట్నం ఆసుపత్రుల చేతిలోనో ఉన్నాడు. “లేటుగా తెస్తారు” అన్నప్పుడు ఆ 9 రోజులు ఎవరి నోటా రావు.

2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. మంచిదే. సాలూరు, మక్కువ, పాచిపెంట అందులోకి వెళ్లాయి, బొబ్బిలి విజయనగరంలోనే ఉండిపోయింది. కానీ మనవాళ్లు దిగేది ఎప్పట్లాగే బొబ్బిలికే. బస్సు అటే, రైలు అటే, సంత అటే. జ్వరంతో ఉన్న పిల్లాడికి జిల్లా హద్దు ఏం తెలుసు? విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. విశాఖలో కేజీహెచ్ నూరేళ్లు దాటిన ఆసుపత్రి. అంటే పెద్ద డాక్టర్లు అసలు లేకపోవడం కాదు, పిల్లాడు వాళ్ల దాకా చేరే దారి తెగి ఉంది. ఏ రోజు, ఎవరు, ఎక్కడికి పంపాలి అన్నది హాస్టల్లో రాసి లేదు. కొండ మీద ఎవరికీ తెలీదు.

స్కూలు పిల్లలకి ఆరోగ్య పరీక్షలు జరుగుతున్నాయి కదా అని ఎవరైనా అనొచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది, పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా. సర్కారు బడికి దాని బృందం ఏడాదికి ఒకసారి వస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, చూపు, పళ్లు చూడ్డానికి అది పనికొస్తుంది. ఎముకలో చీము అయిదు రోజుల్లో కాలు తినేస్తుంది. ఏడాదికోసారి వచ్చే బండి దాన్ని ఎలా పట్టుకుంటుంది? హాస్టల్లో రోజూ ఉండే మనిషి కావాలి. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు పాకి ఎంతోమంది పిల్లలు ఆసుపత్రి పాలైనప్పుడు అందరం అడిగింది కూడా ఇదే. రాత్రి పిల్ల ఒళ్లు కాలుతుంటే చెయ్యి పెట్టి చూసే నర్సు ఎక్కడ? గజ్జికి మందు, కడుక్కోవడానికి నీళ్లు, ఒక్కో పిల్లకి ఒక్కో దుప్పటి అడగడం కూడా ఎముక జబ్బుని ఆపడంలో భాగమే. సూక్ష్మజీవి చాలాసార్లు పుండు లోంచే దూరుతుంది.

ఇంక మనలో మనకి ఒక తగువు. కిందటి నెల ఈ గ్రూపులో ఒక అన్న “మన వైద్యాన్ని మనమే కించపరుచుకోకూడదు” అని పోస్టు పెట్టాడు. నేను లైకు కొట్టాను కూడా. అన్నా, ఆ మాటలో సగం ఇప్పటికీ ఒప్పుకుంటాను. మన పెద్దోళ్లకి విరిగిన చెయ్యి సరిచేసి కట్టడం తెలుసు, ఏ ఆకు దేనికో తెలుసు. కానీ విరిగిన ఎముక వేరు, చీము పట్టిన ఎముక వేరు. చీముతో ఉబ్బుతున్న కాలికి బిగించి కట్టు కడితే లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, కాలికి రక్తం తగ్గుతుంది. పసరు చర్మం దాటి ఎముక లోపలికి పోదు. ఇది ఆదివాసీ జ్ఞానానికీ ఇంగ్లీషు మందుకీ మధ్య పోటీ కాదు. పెన్సిలిన్ రాక ముందు యూరప్ డాక్టర్ల చేతుల్లో కూడా ఈ జబ్బుతో పిల్లలు చచ్చిపోయేవాళ్లు. వాళ్ల కట్లూ పని చేయలేదు, వాళ్ల లేపనాలూ పని చేయలేదు. మందు వచ్చాక వాళ్ల పిల్లలు బతికారు. మన పిల్లలకి ఆ మందు అందనివ్వకుండా ఆపే గౌరవం మనకెందుకు? మన కట్టు వేసే పెద్దాయనకి మనమే చెప్పొచ్చు: “తాతా, జ్వరం ఉన్న కాలికి కట్టు కట్టకు, ఆసుపత్రికి పంపు.” ఆయన వింటాడు. మా ఊళ్లో ఆయన విన్నాడు. అప్పట్నుంచి ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు.

మందు ఖరీదైనదా? కాదు. ఈ జబ్బుకి వాడే క్లాక్సాసిలిన్, సెఫజోలిన్ లాంటివి పాత మందులు, మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. ముందు కొన్ని రోజులు నరానికి ఎక్కిస్తారు. జ్వరం, నొప్పి తగ్గి సీఆర్పీ దిగితే నోటి మాత్రలకి మారుస్తారు. 2010లో అచ్చయిన ఫిన్లండ్ అధ్యయనంలో చిక్కుల్లేని పిల్లలకి మొత్తం 20 రోజుల వైద్యం, 30 రోజుల వైద్యం ఒకేలా పనిచేశాయి. చాలా చోట్ల మూడు నుంచి ఆరు వారాలు ఇస్తారు. ఎన్ని రోజులన్నది డాక్టరు చెప్పాలి, మనం మధ్యలో మానకూడదు. చీము గడ్డ కట్టి ఉంటే మందుతో పాటు కోసి తీయాలి. ముదిరాక అయితే నెలలు, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు. అక్కడ 20 రోజుల్లో వైద్యమే పూర్తయింది. మా వాడికి ఆ 20 రోజులు వైద్యం మొదలవ్వడానికే పట్టాయి.

ఇంకో సంగతి మన జాతులకి మరీ ముఖ్యం, సికిల్ సెల్. ఈ రక్త జబ్బు ఉన్న పిల్లలకి ఎముకలో రక్తం ఆగిపోయి భయంకరమైన నొప్పి వస్తుంది. ఏడాది రెండేళ్ల పసివాళ్లకి చేతి వేళ్లు, పాదాలు ఉబ్బుతాయి. అదే పిల్లలకి ఎముకలో చీము పట్టే ప్రమాదం కూడా ఎక్కువ, వాళ్లలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి కూడా కారణం అవుతుంది. నొప్పి రెంటికీ ఒకేలా ఉంటుంది, వైద్యం మాత్రం వేరు. సికిల్ ఉందని తెలీకపోతే డాక్టరు తప్పు మందు మొదలుపెట్టొచ్చు. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ని 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని ప్రారంభించారు. 2047 నాటికి నిర్మూలన, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష అన్నారు. పరీక్ష చేసి కార్డు చేతిలో పెడితే పని అయిపోయిందా? జబ్బు తేలిన పిల్లకి హైడ్రాక్సీయూరియా నెలనెలా అందాలి, చిన్నవాళ్లకి అయిదేళ్ల దాకా పెన్సిలిన్, న్యుమోనియా టీకా అందాలి. మీ హాస్టల్లో ఎంతమందికి పరీక్ష అయింది, తేలినవాళ్లలో ఎంతమందికి మందు వస్తోంది? రేపు వెళ్లి అడగండి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 సికిల్ సెల్‌ని కూడా వైకల్యాల జాబితాలో పెట్టింది. సర్టిఫికెట్ అడగడం మన హక్కు.

మూడోది టీబీ. వెన్నులో టీబీ పడితే నెలల తరబడి నడుం నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తర్వాత గూని. “బరువులు మోసి వంగిపోయాడు” అనుకుంటాం. దీనికి మందులు ఏడాది దాకా వాడాలి, ఆసుపత్రిలో ఉచితం. తిండి కోసం ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకి 1000 రూపాయలు అయింది. అడిగి తీసుకోండి.

నాలుగోది అరుదు, అయినా తెలియాలి. కొందరు పిల్లల్లో ఏ సూక్ష్మజీవీ లేకుండానే ఒంట్లో రక్షణ వ్యవస్థే ఎముకని వాచేలా చేస్తుంది. ఒకటి తగ్గితే ఇంకో చోట వస్తుంది. దానికి యాంటీబయోటిక్ ఎన్ని నెలలు ఇచ్చినా దండగ, వాపు తగ్గించే వేరే మందులు కావాలి. రక్త క్యాన్సర్ కూడా పిల్లల్లో మొదట ఎముక నొప్పిగా కనబడొచ్చు. అంటే నేను అంటున్నది “ప్రతి కాలు నొప్పికీ యాంటీబయోటిక్ పొడవండి” అని కాదు. జబ్బు ఏదో తేల్చండి అంటున్నాను. మన పిల్లాడి ఎముకకి పరీక్ష చేయకుండా ఊహతో వైద్యం చేయడం ఇక ఆపాలి. అది ఆరెంపీ ఊహ అయినా, తాత ఊహ అయినా, పట్నం డాక్టరు ఊహ అయినా.

ఆపరేషన్ తర్వాత కథ కూడా వినండి. మా వాడు నెలల తరబడి మంచం మీద, తిరుగుళ్ల మీద ఉన్నాడు. తిరిగొచ్చేసరికి హాజరు లేదని పేరు కొట్టేశారు. జబ్బుని ముదరనిచ్చిన చోటే ఆ జబ్బు వచ్చినందుకు వాడికి శిక్ష వేసింది. ఏడాది పోయింది. ఇప్పుడు వాడు బడికి వెళ్తున్నాడు గానీ కబడ్డీ బరి పక్కన కూర్చుని లెక్క రాస్తున్నాడు. వాడు మంచి రైడరు.

మనం చేయాల్సినవి చెప్తాను. ఒట్టి ఆవేశం వల్ల ఎవడి కాలూ బాగుపడదు.

ఒకటి. ప్రతి హాస్టల్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిద్దాం: “జ్వరం ఉండి, కాలో చెయ్యో కదపలేకపోతే అదే రోజు ఆసుపత్రికి. ఎక్స్‌రే బాగున్నా జ్వరం, నొప్పి తగ్గకపోతే రెండో రోజు మళ్లీ ఆసుపత్రికి.” రంగు డబ్బా ఖర్చు మనమే వేసుకుందాం. మా హాస్టల్లో నేను మొదలుపెడతాను.

రెండు. నొప్పి మొదలైన తేదీ కాగితం మీద రాసుకోండి. డాక్టరుకి మొదట అదే చెప్పండి. “సీఆర్పీ చేయిస్తారా సార్, యాంటీబయోటిక్ వేసే ముందు కల్చర్‌కి రక్తం తీస్తారా, సికిల్ పరీక్ష ఉందా” అని మర్యాదగా అడగండి. ఈ మూడు ప్రశ్నలకి డిగ్రీ అక్కర్లేదు. పిల్లాడితో వెళ్లే అమ్మానాన్నలకి చదువు రాకపోతే మనలో ఒకరు తోడు వెళ్లాలి. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, విజయనగరం, వైజాగ్‌లలో చదువుకుంటున్నవాళ్లం ఉన్నాం. ఊరికొకరు పేరు ఇవ్వండి.

మూడు. ఐటీడీఏలకి అర్జీ పెడదాం. ప్రతి ఆశ్రమ పాఠశాలలో రాత్రి కూడా ఉండే నర్సు. ఏ జిల్లా పిల్లాడైనా దగ్గరి ఆసుపత్రిలో చూసే రాతపూర్వక ఆదేశం. జబ్బు కాలంలో పేరు కొట్టేయకూడదని ఇంకో ఆదేశం. అర్జీకి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ చిత్తు కాగితమే.

నాలుగు. ఇంటికాడ చెప్పండి. మందు మధ్యలో మానొద్దు. చీటీ లేని ఇంజెక్షన్ వేయించొద్దు. జ్వరం ఉన్న కాలికి కట్టు కట్టించొద్దు.

ఆ చీటీ రాసే ఆయనకి నా జవాబు ఇది. అయ్యా, మా వాళ్లు గుంటణ్ణి మీ దగ్గరికి తొమ్మిదో రోజే తెచ్చారు. బొబ్బిలికే తెచ్చారు. “బెణికింది” అని మీరే వెనక్కి పంపారు. ఇంకోసారి మా పిన్ని లాంటి తల్లి వస్తే ఆ మాట అనకండి. తేదీ అడగండి.

మీ ఊళ్లో ఇలాంటి పిల్లలుంటే పేర్లు, ఫొటోలు పెట్టకుండా, ఎన్నో రోజున ఎక్కడ చూపించారో మాత్రం కింద రాయండి. ఆ లెక్కలన్నీ కలిపి అర్జీకి జత చేద్దాం.

జోహార్.